ఏసీలో పెట్టిన పైసలు

మా వైపు ఏసీ అంటే మనుషులకు కాదు, మిరపకాయలకు. ఖమ్మం చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలను రైతులు అలాగే పిలుస్తారు. మార్కెట్లో రేటు బాగుంటే కాయ అమ్ముతారు, పడిపోతే "ఏసీలో పెట్టినం" అంటారు. రేటు లేచేదాకా ఆ బస్తాలు చల్లగా పడుకుంటాయి, వాటి యజమానులు బయట ఎండలో చెమటలు కక్కుతూ ఎదురుచూస్తారు. పడిన రేటుకు అమ్ముకున్నవాడిని మా వాళ్ళు తెలివితక్కువవాడి కింద జమకడతారు. పట్టుకున్నవాడే మొనగాడు. నా భర్త ఈ ఒక్క సంగతిని నమ్ముకుని మా సంసారాన్ని ముంచాడు. ఇలా రాస్తే ఆయనకు కోపం వస్తుంది. రానివ్వండి. నాకు వచ్చిన కోపం ముందు అదెంత.

మా మామగారి తండ్రి కృష్ణా జిల్లా నుంచి ఇటు వలస వచ్చాడు. పినపాక మండలంలో రోడ్డు పక్కన మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉండేది. సరుకు మాది, రేకుల షెడ్డు మాది, కింద నేల మాత్రం మాది కాదు. ఇది ఏజెన్సీ. గిరిజనులు కానివాళ్ళ పేరున ఇక్కడ భూమి రిజిస్ట్రేషన్ కాదు. చట్టం తప్పని నేననను. ఆ నేల కోయవాళ్ళది, వాళ్ళ దగ్గరే ఉండాలి. కాకపోతే మూడు తరాలుగా ఉంటున్న ఇంటిని చూపించి అప్పడిగితే బ్యాంకులో కూర్చోమని కూడా అనరు. వ్యాపారం మొత్తం చేతిలో ఉన్న డబ్బుతోనే నడవాలి. కష్టమొస్తే తాకట్టు పెట్టడానికి నా ఒంటి మీద ఉన్న బంగారం తప్ప ఇంకేమీ లేదు.

షేర్లు మా ఆయనకు అందుకే నచ్చాయి. మందుల కంపెనీ తరఫున ఆర్డర్ల కోసం వచ్చే అబ్బాయి ఒకడు ఫోన్‌లో యాప్ పెట్టిచ్చాడు. మొదట కొన్నవి మా దుకాణంలో మేం అమ్మే ఎరువుల కంపెనీల షేర్లే. ఆ రోజు భోజనాల దగ్గర ఫోన్ నా ముందు పెట్టి, "ఇదిగో చూడు, దీని మీద నా పేరుంది" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు. ఎక్కడా పేరు లేని మనిషికి ఒకచోట పేరు కనబడితే ఎలా ఉంటుందో నాకు అర్థమైంది. నేనూ సంతోషించాను.

కరోనా వచ్చినప్పుడు ఆ షేర్లు నేల కరిచాయి. ఈయన అమ్మలేదు. "ఏసీలో పెట్టాననుకో" అన్నాడు. ఏడాది తిరిగేసరికి అవి కొన్న ధరకు రెండింతలకు పైనే పోయాయి. అదే మా కొంప ముంచింది. అప్పుడే నష్టపోయి ఉంటే ఈయన తిట్టుకుంటూ మళ్ళీ యూరియా బస్తాల దగ్గరకు వచ్చేవాడు. మిరపకాయ గురించి తనకు తెలిసిందే ప్రపంచమంతా నడుస్తుందని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది.

ఇక్కడ పెద్దాయన సంగతి చెప్పాలి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పుట్టింది కరీంనగర్ వైపు, పని కోసం మణుగూరు వచ్చి, ఇక్కడి కోయ అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. నన్ను చెల్లె అనేవాడు, ఆ వరసన మా ఆయన్ని బావ అని ఆటపట్టించేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన భార్యను వదినా అని. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కాబట్టి, వదిన పేరున ఊళ్ళో ఉన్న జాగాలో ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి. స్లాబుకు ఉంచిన డబ్బును వదిన తెచ్చి మా దుకాణంలో పెట్టించింది.

మా వైపు దుకాణాల్లో ఇది మామూలే. కాయ అమ్మిన డబ్బును రైతులు దుకాణదారు దగ్గర వదిలిపెడతారు, పండగకో దవాఖానాకో కావలసినప్పుడు కొంచెం కొంచెం తీసుకుంటారు. కాగితం ఉండదు, మాటే. వదిన పుట్టింటివాళ్ళు మా మామగారి కాలం నుంచీ మా దగ్గరే దాచుకునేవాళ్ళు. "బ్యాంకులో వేసుకోవచ్చుగా అన్నా" అని నేనంటే ఆయన నవ్వాడు. "బ్యాంకోడు కార్డిస్తడు చెల్లె. కార్డు జేబుల ఉంటే బ్రాందీ షాపు పేరు పెట్టి పిలుస్తది. బావ కాడ ఉంటే అడగనీకి నాకు సిగ్గయితది. గందుకే గీడ పెడుతున్న" అన్నాడు. వదిన పక్కనే ఉంది, అవునన్నట్టు తల ఊపింది.

మా ఆయన అప్పటికే షేర్లు దాటి ఆప్షన్లకు వెళ్ళాడు. అదేమిటో నాకు ఆయన చెప్పిన మాటల్లోనే చెబుతాను. మార్కెట్ పెరుగుతుందనో పడుతుందనో డబ్బు కడతారు. దానికొక గడువు ఉంటుంది. ఆలోపు అనుకున్నట్టు జరిగితే పదింతలు రావచ్చు, జరగకపోతే కట్టింది పోతుంది. ఆ గడువు అన్న మాట ఆయన నోటితోనే చెప్పాడు గానీ తలకు ఎక్కించుకోలేదు. ఆ వేసవిలో మార్కెట్ ఒకరోజు లేస్తూ ఒకరోజు కూలుతూ ఉంది. ఈయన కొన్నది పడింది. పడగానే కాయ రేటు పడినప్పుడు చేసే పనే చేశాడు. అమ్మలేదు. చవగ్గా దొరుకుతోందని ఇంకా కొన్నాడు. దుకాణం డబ్బు అయిపోయాక గల్లాలో ఉన్న స్లాబు డబ్బు తీశాడు. రేటు లేచేదాకా పట్టుకుందామని కూర్చున్నాడు. గడువు రోజు సాయంత్రానికి ఫోన్‌లో ఆ వరసే లేదు. ఏసీలో కాయ పాడైతే తాలుకాయ కిందైనా ఎవడో ఒకడు కొంటాడు. దీనికి గోనెసంచి కూడా మిగలలేదు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. మే నెలలో పెద్దాయన వచ్చి, "సెంట్రింగ్ కొట్టిండ్రు బావా. వానలు వడకముందే స్లాబు వెయ్యాలె, పైసలియ్యి" అన్నాడు. మా ఆయన సోమవారం అన్నాడు. సోమవారం వస్తే శుక్రవారం అన్నాడు. అడుగున కర్రలు, రేకులు కిరాయివి, రోజు గడిచేకొద్దీ బాకీ పెరుగుతోంది. మూడోసారి ఆయన వచ్చినప్పుడు నేను గల్లా దగ్గరే ఉన్నాను. "డబ్బు ఇక్కడే ఉందిగా, ఇచ్చెయ్యండి" అని నేనే సొరుగు లాగాను. అందులో చిల్లర తప్ప ఏమీ లేదు. మా ఆయన బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు, అక్కణ్నుంచే మొత్తం చెప్పాడు. ముఖం చూపించలేక బస్తాల చాటు నుంచి మాట్లాడిన మనిషి మీద నాకు జాలి రాలేదు. కొట్టాలనిపించింది.

పెద్దాయన ఆ ఖాళీ సొరుగును తనే లోపలికి నెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "ఏంది బావా గిట్ల జేసినవ్. అవి నా పైసలు గావు, ఆమె నెత్తి మీది కప్పు" అన్నాడు. అంతే. అరిచి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నుంచి నాకు ఇంకో భయం పట్టుకుంది. పురుగుమందుల దుకాణం పెట్టుకున్న ఇంట్లో అప్పులపాలైన మగవాడు ఉంటే ఏ ఆడదానికైనా ఆ భయమే. మందుల బీరువాకు తాళం వేసి, చెవి నా తాళిబొట్టుతో పాటు మెడలో వేసుకున్నాను. ఎవరైనా మందు కావాలంటే నేనే తీసి ఇచ్చేదాన్ని. ఎవరూ ఎందుకని అడగలేదు.

తర్వాత నేను లెక్కలు చేతిలోకి తీసుకున్నాను. డిగ్రీ లేదు నాకు, ఇల్లు నడిపిన బుద్ధి ఉంది. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు ఒకే సొరుగులో ఉండటం వల్లే ఇన్నాళ్ళూ ఏది పోయిందో కనబడలేదు. పప్పుల డబ్బాలో ఇంటి ఖర్చు వేరుగా పెట్టాను. గల్లాలోంచి చీపురు కూడా కొనకూడదన్నాను. మిగిలిన ఎరువుల షేర్లు అమ్మించాను. అప్పటికి అవీ సగానికి పడి ఉన్నాయి. మా ఆయన "ఇప్పుడు అమ్మితే పిచ్చివాళ్ళం, నెల ఆగు" అని గింజుకున్నాడు. అవి తర్వాత మళ్ళీ లేచాయి, ఆ మాట ఇప్పటికీ దెప్పుతాడు. లేస్తే లేచాయి. స్లాబు లేని ఇంటికి నెల ఆగమని వానకు ఎవరు చెబుతారు?

ఆ డబ్బు, నా గాజులు కుదువపెట్టిన డబ్బు కలిపి పెద్దాయన ముందు పెట్టాను. స్లాబుకు సరిపోదు, కానీ సగానికి పైనే ఉంది. ఆయన ముట్టుకోలేదు.

"గివి నాకిస్తే సీజన్‌కు సరుకెట్ల దించుతవ్ చెల్లె?" అన్నాడు.

"దించలేను. డీలర్‌కు పాత బాకీ కడితేనే కొత్త సరుకిస్తానన్నాడు."

"మరి దుకాణం మూత వడితే నా మిగిలిన పైసలు ఏ నీళ్ళల్ల దేవులాడాలె? డీలర్‌కు కట్టు. సరుకు దించు. కాయ వచ్చినాక ఇద్దువు." మా ఆయన వైపు చెయ్యి చాపాడు. "బావా, నీ ఫోను గిట్ల ఇయ్యి. స్లాబు వడ్డనాడు తీసుకుందువు."

సెంట్రింగ్ విప్పేశారు. క్వార్టర్ గడువు అయిపోయింది. వాళ్ళిద్దరూ స్లాబు లేని గోడల మధ్య, ఒక గది మీద టార్పాలిన్ పరదా కట్టుకుని చేరారు.

మరుసటి రోజు నుంచి పెద్దాయన మా దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. ముందున్న బెంచీ మీద గల్లా కనిపించేలా కూర్చునేవాడు. షేర్ మార్కెట్ తెరవకముందే వచ్చేవాడు, మూసేదాకా కదిలేవాడు కాదు. గనిలో హాజరును మస్టర్ అంటారు. రాగానే "ఫస్ట్ షిఫ్టుకు వచ్చిన చెల్లె, మస్టర్ వెయ్యి" అనేవాడు. మా ఆయన ఫోన్ ఆయన జేబులో ఉండేది. మోగితే తీసి, "మీ సేటు డ్యూటీల ఉన్నడు, ఏం గావాలె?" అని ఆర్డర్లు రాయించుకునేవాడు. కొత్తగా వచ్చిన రైతులు ఆయన్ని గుమాస్తా అనుకునేవాళ్ళు. మాకు డబ్బిచ్చి మోసపోయిన మనిషి మా గల్లాకు కాపలా ఉన్నాడని ఎవరికి తెలుసు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరమూ నవ్వలేదు.

గోదావరి ఊళ్ళలోకి ఎక్కుతుందేమోనని అందరూ భయపడుతున్న రోజుల్లో ఒకసారి వదిన దుకాణానికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. పదిరోజులుగా జ్వరమట, కళ్ళు లోపలికి పోయాయి. నన్ను చూసి, "పైసలు అడగనీకి రాలేదమ్మా. పరదా చినిగింది. కొత్తది ఉంటే ఇయ్యి" అంది. కల్లాల్లో కాయ మీద కప్పే పరదాలు మేం అమ్ముతాం. మంచిది తీసి ఇచ్చాను. డబ్బు వద్దంటే వినలేదు, కొంగు ముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది. ఆమె స్లాబు మింగిన మేం ఆమెకు పరదా అమ్ముకున్నాం. ఆ నోట్లను నేను గల్లాలో వెయ్యలేకపోయాను. వాటిని మా ఆయన పళ్ళెం పక్కన పెట్టి అన్నం వడ్డించాను. ఆయన తినలేదు. పోనీ మనిషిలో మార్పు వచ్చిందని ఆ పూట ఆశపడ్డాను.

మాఘం వచ్చేసరికి కల్లాలన్నీ ఎర్రబడ్డాయి. పంట పండింది, రేటు పండలేదు. ఖమ్మం మార్కెట్లో పొద్దున్నే జెండా పాట అని ఒకటి పాడతారు, మంచి కాయకు ఆ రోజు పలికే పెద్ద ధర. ఆ పెద్ద ధరే పోయినేడు చిన్న ధరంత లేదు. రైతులంతా ఒకటే మాట, ఏసీలో పెడుతున్నాం, రేటు రాగానే మీ బాకీ తీరుస్తాం అని. మాకు రావలసిందంతా ఆ చల్లటి గోడౌన్లలో గడ్డకట్టింది. వచ్చిన కాస్తా పోగుచేసి డీలర్ వాయిదాకు మా ఆయన చేత ఖమ్మం పంపించాను. స్లాబుకు ఈ ఏడాదీ లేదని పెద్దాయనకు ఎలా చెప్పాలో తెలియక, ఆయన బెంచీ మీద ఉన్నంతసేపూ తల వంచుకుని పొట్లాలు కట్టేదాన్ని.

కొన్నాళ్ళకు మా ఆయన మళ్ళీ ఖమ్మం వెళ్ళొచ్చి సంచీ బల్ల మీద పెట్టాడు. స్లాబుకు మొత్తం డబ్బు ఉంది, పైన కొంచెం ఎక్కువే. దుమ్ముగూడెం వైపు రైతు ఒకాయన పాత బాకీ అంతా ఒక్కసారే కట్టాడన్నాడు. అలాంటి రైతులు లేకపోలేదు. పెద్దాయన డబ్బు చేత్తో పట్టుకుని, "బతికించినవ్ బావా" అన్నాడు. నాకు నెలల తర్వాత ఊపిరి ఆడినట్టయింది.

స్లాబు వేసిన రోజు వదిన పుట్టింటి ఊరు మొత్తం వచ్చింది. మిషను తిరుగుతుంటే మగవాళ్ళు కంకర అందించారు, ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్టలు పైకి చేర్చారు. నేనూ కొంగు బిగించి వాళ్ళలో నిలబడ్డాను. పొద్దు వాలేసరికి పని అయిపోయింది. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టాడు. కూలీలకు కోడికూర, అన్నం వండారు. వదిన గోడకు ఆనుకుని, పైన తడితడిగా ఉన్న స్లాబును కింద నుంచి చూస్తూ నిలబడింది. చుక్కలు చుక్కలుగా నీళ్ళు ఆమె ముఖం మీద పడుతున్నా పక్కకు జరగలేదు.

పెద్దాయన జేబులోంచి ఫోన్ తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. "ఇగ నా డ్యూటీ అయిపోయింది బావా. తీసుకో" అన్నాడు.

మా ఆయనకు ఆ సంతోషంలో నోరు ఆగలేదు. "బావా, ఇవాళ నిజం చెబుతా. బాకీ లేదు, రైతూ లేడు" అన్నాడు. డీలర్‌కు కట్టమని నేనిచ్చిన డబ్బు డీలర్‌కు చేరలేదు. ఖమ్మంలో, మొదట యాప్ పెట్టిచ్చిన ఆ మందుల కంపెనీ అబ్బాయి ఫోన్‌లోంచి మళ్ళీ ఆప్షన్ కొన్నాడు. కొన్న మరునాడే పడిందట. గడువు రోజు మధ్యాహ్నానికి దాదాపు ఏమీ మిగల్లేదట. అమ్మెయ్యమని ఆ అబ్బాయి ఈయన చేతులు పట్టుకున్నాడట. "నేను కదలలేదు. ఏసీలో పెట్టినట్టు పట్టుకుని కూర్చున్నా. చివరి గంటలో లేచింది చూడు, ఎన్ని రెట్లు లేచిందో!" అని చెయ్యి పైకెత్తి చూపించాడు.

పెద్దాయన చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగింది. "పోతే?" అన్నాడు. "పోతే ఏం జేద్దువు బావా?"

"పోలేదుగా బావా!" అన్నాడు మా ఆయన. నా వైపు తిరిగి, "చూశావా? పట్టుకుంటే వస్తుందన్నానా లేదా?" అన్నాడు. షేర్ల మీద తన పేరు మొదటిసారి చూపించిన రోజు ఎలా వెలిగిందో ఆయన ముఖం అచ్చంగా అలాగే వెలుగుతోంది.

పోయినప్పుడు నేను ఏడవలేదు. గల్లా ఖాళీగా కనబడినప్పుడు ఏడవలేదు, గాజులు తీసినప్పుడు ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. పోయి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగేవాడు. గెలిచాడు, ఇంక ఆగడు. అక్కడున్న వాళ్ళంతా సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకున్నారు. వదిన వచ్చి కొంగుతో నా ముఖం తుడిచి, "స్లాబు వడ్డది గదమ్మా, ఇంకెందుకు" అంది.

తర్వాతి కథ పొడుగు లేదు. నేను భయపడ్డట్టే ఆయన ఆగలేదు, డీలర్‌కు కట్టాల్సింది కూడా ఆ ఆప్షన్లలోనే పోయింది. రెండో వానాకాలానికి డీలర్ మనుషులు వచ్చి మిగిలిన సరుకు లారీకి ఎత్తుకుపోయారు. మాకు డబ్బిచ్చిన మిగతా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బల్ల ముందు నిలబడి వెళ్ళారు. వాళ్ళకు ఇవ్వాల్సింది ఇంకా ఉంది, నేను బతికి ఉండగా తీరుతుందో లేదో తెలియదు. మా ఇంటి కింద నేల ఎవరిదో వాళ్ళకు అప్పగించాం. సామాను రోడ్డు మీద పెట్టుకుని పాల్వంచలో కిరాయికి గది వెతుక్కుందామనుకుంటుంటే పెద్దాయన ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. "వెనక గది ఖాళీగనే ఉంది చెల్లె. ఎక్కుండ్రి" అన్నాడు.

ఇది ఆ గదిలో కూర్చునే రాస్తున్నాను. మా డబ్బో, కాదో, మొత్తానికి మా చేతుల మీదుగా లేచిన స్లాబు ఇదొక్కటే. వదిన పేరున ఉంది. బీరువా తాళంచెవి తీసేశాను, ఇప్పుడు దానితో పని లేదు. నేను మిర్చి తొడిమలు తీసే పనికి పోతున్నాను. పొద్దున్నే బయలుదేరేటప్పుడు అన్న అరుగు మీద కూర్చుని చెయ్యి చాపుతాడు. మా ఆయన కిక్కురుమనకుండా ఫోన్ తీసి ఆ చేతిలో పెడతాడు. ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నాడంటే ఇంకొకటి ఎక్కడో దాచాడనే నా అనుమానం. సాయంత్రం పని నుంచి వచ్చాక పరుపు కింద, బియ్యం డబ్బాలో, మడతపెట్టిన బట్టల మధ్య వెతుకుతాను. ఏమీ దొరకని రోజు నాకు నిద్ర పట్టదు.